బోర్డోలో ఒక్కసారే అడుగుతారు

నా సర్వీసు మొత్తంలో నా పేరు మీద ఒకే ఒక్క ఇన్సిడెంట్ రిపోర్టు ఉంది. తప్పు మందు ఇచ్చినందుకు కాదు. పేషెంటు మంచం మీద నుంచి జారిపడినందుకూ కాదు. ఫ్రాన్స్ దేశంలో ఓడ తప్పిపోయినందుకు.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక హాల్లో టీ తాగుతుంటే, ఈమధ్యే ఏలూరు నుంచి వచ్చి కేరర్‌గా, అంటే పెద్దవాళ్ళకి సేవచేసే పనిలో, చేరిన ఒకమ్మాయి నా పక్కన చేరింది.

"ఆంటీ, మీరు ఓడ మిస్సయ్యారంట కదా, నిజమేనా?"

"ఎవరు చెప్పారే నీకు?"

"అందరూ అనుకుంటున్నారు ఆంటీ. వైన్ రుచి చూడ్డానికెళ్ళి టైం మర్చిపోయారంట."

హవ్వ! జన్మలో చుక్క ముట్టనిదాన్ని. రిటైరై ఏడాది తిరక్కుండానే ఇలాంటి కథలు పుట్టాయంటే ఇంకో రెండేళ్ళకి నేనే ఓడ ముంచేశానంటారు. అందుకని జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను. కొత్తగా వచ్చిన పిల్లలు చదువుకోండి. మీకు పనికొచ్చే ముక్క ఒకటి ఇందులో ఉంది.

నేను పనిచేసింది ఐర్లండ్‌లో ములింగార్ అనే ఊరి బయట ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో. మన వైపు నర్సింగ్ హోమ్ అంటే చిన్నాసుపత్రి. ఇక్కడ అది వయసు మళ్ళినవాళ్ళు ఉండే ఇల్లు. అక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలవాలి, అదే మర్యాద. ఎనభై నాలుగేళ్ళ మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషని విని "టీచర్" అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "నన్ను అలా పిలిచి చాలాకాలమైంది. అలాగే పిలువు" అంది. అప్పట్నుంచి ఆవిడ నాకు టీచరమ్మ.

గుండె బలహీనం, కాళ్ళకి నీరు, నాలుగడుగులు దాటితే చక్రాల కుర్చీ. అయినా మనిషి మాత్రం నిటారు. వంటవాళ్ళు రాసిన మెనూలో అక్షరం తప్పు పోతే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపేది. నా రిపోర్టుల ఇంగ్లీషు కూడా దిద్దేది. మొదట్లో తల కొట్టేసినట్టుండేది. తర్వాత నేనే పట్టుకెళ్ళి చూపించేదాన్ని.

మాతో పనిచేసే కేరర్ ఒకాయన ఉండేవాడు. ములింగార్ మనిషే. చాలా ఏళ్ళు పశువుల లారీ నడిపి, యాభయ్యో పడిలో లారీ అమ్మేసి, కోర్సు చేసి ఈ పనిలోకి వచ్చాడు. ఒకప్పుడు బాగా తాగేవాడట, పూర్తిగా మానేశాడు. చేతులు చాటల్లా ఉండేవి. ఆ చేతులతోనే నూరేళ్ళ ముసలమ్మకి సాక్సులు తొడుగుతుంటే చూడాలి, ఆవిడకి నిద్ర కూడా చెదిరేది కాదు. ఎవరికి నొప్పిగా ఉందో వాళ్ళు చెప్పకముందే కనిపెట్టేవాడు. ఎలా తెలుస్తుందయ్యా అంటే, "అన్నేళ్ళు నోరులేనివాటిని మోశాను. నోరున్నవాళ్ళు ఎంత!" అనేవాడు. నాకు డిగ్రీ ఉంది, ఆయనకి లేదు. ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను కాలేజీలో నేర్చుకోలేదు.

ఇక అసలు సంగతి. టీచరమ్మకి రెండేళ్ళు పెద్దదైన అక్క ఉంది. చిన్నప్పుడే ఫ్రాన్స్ వెళ్ళి మఠంలో చేరి సిస్టర్ అయిపోయింది. ఇప్పుడు బోర్డో అనే ఊళ్ళో, ముసలి సిస్టర్లు ఉండే మఠంలో ఉంటోంది. అక్కాచెల్లెళ్ళకి ముప్పై ఏళ్ళుగా మాటల్లేవు. క్రిస్మస్‌కి అటునుంచి ఒక కార్డు, ఇటునుంచి ఒక కార్డు. రెండిట్లోనూ సంతకం తప్ప ఏమీ ఉండేది కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆ ఏడు మఠం నుంచి ఉత్తరం వచ్చింది, సిస్టర్ బాగా నీరసించారని. నేస్ అనే ఊళ్ళో ఉండే మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. విమానం వద్దని డాక్టర్ అన్నాడు. డబ్లిన్ రేవు నుంచి బోర్డో మీదుగా వెళ్ళే విహారపు ఓడ ఉందని మేనకోడలే కనుక్కుంది. టీచరమ్మ మొదట, "ఎందుకమ్మా, నేను గ్రాండ్‌గా ఉన్నాను" అంది, అంటే బాగానే ఉన్నానని. రెండోసారి, "మీకందరికీ శ్రమ" అంది. మూడోసారి, "పోనీ, మీరంతగా అంటే" అంది. ఆ రోజే నన్ను పిలిచి తన నీలం కోటు ఇస్త్రీ చేయించమంది.

ఇక్కడొక మాట. నేను ఐర్లండ్ వచ్చిన కొత్తలో నన్ను అన్నిటికన్నా తేలిగ్గా ఊపిరి పీల్చుకోనిచ్చింది ఈ అలవాటే. తెనాలిలో మా ఇంట్లో ఎవరైనా భోంచేస్తారా అంటే, మొదటిసారి "ఇప్పుడే తిన్నామండీ" అనాలి. రెండోసారి "ఎందుకండీ శ్రమ" అనాలి. మూడోసారికి కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చోవాలి. మొదటి పిలుపుకే లేచి వస్తే ఎంత ఆబ అనుకుంటారు. ఇక్కడ టీ దగ్గర అచ్చం ఇదే తంతు. వాళ్ళ "గ్రాండ్", మన "పర్లేదు" ఒక తల్లి పిల్లలే. అందుకని ఈ దేశపు ముసలివాళ్ళని నా అంత బాగా చదివినవాళ్ళు లేరని నాకు కాస్త గీర ఉండేది. ఆ గీర బోర్డోలో దిగిపోయింది.

టీచరమ్మకి తోడుగా నర్సు నేను, కుర్చీ తోయడానికి, ఎత్తడానికి లారీ ఆయన. బయల్దేరే ముందు మా మేట్రన్ నన్ను గదిలోకి పిలిచి, "వెళ్ళినదాన్ని వెళ్ళినట్టు తీసుకురా. బాధ్యతంతా నీదే" అంది. తలూపాను.

ఓడ సముద్రం వదిలి నది మీద పైకి వెళ్ళడం మొదలెట్టాక నేను డెక్ మీద నుంచి కదిలితే ఒట్టు. నీళ్ళు ఎర్రటి బురదగా, వరదలో కృష్ణలా ఉన్నాయి. ఒక వంతెన నడిమి భాగం మొత్తం లిఫ్టులా పైకి లేచి మాకు దారిచ్చింది. ఓడ తిన్నగా ఊరి నడిబొడ్డున ఆగింది. ఒడ్డు పొడుగూతా లేత పసుపు రాతి మేడలు, అన్నీ ఒకే వరస, ఒకే ఎత్తు. వాటి ముందు నేల మీద పలచగా నీళ్ళు పరిచిన పెద్ద రాతి చప్టా, అందులో మేడలన్నీ తలకిందులుగా కనపడుతున్నాయి, పిల్లలు చెప్పులు విడిచి పరుగెడుతున్నారు. ఎంత అందం, ఎంత శుభ్రం! మనుషులు ఇలా కూడా ఊరు కట్టగలరా అనిపించింది.

ఓడలో వాళ్ళంతా ద్రాక్షతోటల్లో వైన్ రుచి చూడ్డానికి బస్సులెక్కారు. ప్రపంచంలోని తాగుబోతులంతా కలలుగనే ఊరికి మేం ముగ్గురం వచ్చాం: ముట్టని నేను, మానేసిన లారీ ఆయన, డాక్టర్ వద్దన్న టీచరమ్మ. ఆయన ఒకటే నవ్వు.

నాలుగింటికల్లా అందరూ ఓడెక్కాలని మైకులో మూడుసార్లు చెప్పారు. పోటు చూసుకుని వంతెన ఎత్తుతారు, ఎవరికోసమూ ఆగేది లేదు. బస్సులవాళ్ళు దిగాక కుర్చీలవాళ్ళని దించారు. అప్పటికే పన్నెండు దాటింది. ట్రామ్ ఎక్కి, చిన్న వీధుల్లో రాళ్ళ మీద కుర్చీ తోసుకుంటూ మఠం చేరేసరికి ఒంటిగంటన్నర.

తలుపు తీసింది ఒక చిన్న వయసు సిస్టర్, ఆఫ్రికా మనిషి. వచ్చీరాని ఇంగ్లీషు, చక్కటి నవ్వు.

"సిస్టర్ ఇప్పుడే భోంచేసి పడుకున్నారు. లేపమంటారా?" అంది.

టీచరమ్మ కోటు గుండీలు సర్దుకుని, "అయ్యో, వద్దు వద్దు. లేపకండి. ఊరికే ఇటుగా వెళుతూ చూద్దామని ఆగాం" అంది.

ఇటుగా వెళుతూనట! ములింగార్ నుంచి!

ఆ సిస్టర్ నావైపు చూసింది. అప్పుడు నేనేం చెయ్యాలి? "లేపమ్మా తల్లీ, ఓడ వెళ్ళిపోతుంది" అనాలి. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "పర్లేదండీ, మీకెందుకు శ్రమ." అది మొదటి వద్దు. రెండోసారి అడుగుతుంది, మూడోసారి లోపలికి వెళదామని నా లోపలి లెక్క.

"మంచిది," అంది ఆ సిస్టర్. "అయితే రేపు పొద్దున పదింటికి వస్తారా?"

"దట్ వుడ్ బీ గ్రాండ్," అంది టీచరమ్మ.

తలుపు మూసుకుంది.

ముగ్గురం వీధిలో నిలబడ్డాం. లారీ ఆయన నన్ను, టీచరమ్మని మార్చి మార్చి చూశాడు. "ఏం జరిగిందిప్పుడు?" అన్నాడు.

"మళ్ళీ అడుగుతుందనుకున్నాను," అన్నాను.

టీచరమ్మ ముందుకి చూస్తూ, "ఓడ దగ్గరికి వెళదాం. పర్వాలేదు. నేను గ్రాండ్" అంది.

సిగ్గుతో చెబుతున్నాను, నేను ఆ మాట విన్నాను. నర్సుగా నాకు సుఖమైన మాట అది. ఆవిడ కాళ్ళు ఉబ్బాయి, మందు టైమవుతోంది, మేట్రన్ మాట చెవిలో ఉంది. కుర్చీ తిప్పి ట్రామ్ స్టాపు దాకా తోసుకొచ్చాను. అక్కడ ఆవిడ వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూడబోతే, ఆవిడ చేయి ఒళ్ళో ఉన్న పొట్లాన్ని వదల్లేదు. అక్క కోసం తెచ్చిన టీ పొడి, ఎండుద్రాక్ష రొట్టె. తలుపు దగ్గర ఇవ్వడం కూడా మర్చిపోయింది.

లారీ ఆయన నా పక్కకి వచ్చి మెల్లిగా అన్నాడు: "నా జన్మలో చాలా గ్రాండ్‌లు విన్నాను. ఇంత అధ్వాన్నమైనది వినలేదు."

నా ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం తెచ్చి, వీధి గుమ్మం నుంచి వెనక్కి తీసుకుపోతున్నాను. ఈ ఇద్దరిలో ఎవరు పోయినా ఇంకోసారి ఉండదు. ఎవరినీ అడగలేదు. కుర్చీ వెనక్కి తిప్పి వచ్చిన దారినే తోశాను. టీచరమ్మ, "ఏం చేస్తున్నావ్?" అంది. "తప్పు దిద్దుకుంటున్నాను టీచర్," అన్నాను. ఆవిడ పొట్లాన్ని ఒళ్ళో సర్దుకుంది.

గంట కొట్టాను. అదే సిస్టర్. నా జీవితంలో ఎవరి గుమ్మంలోనూ అనని మాట అన్నాను. "లేపండి. మాకు కావాలి. ఇప్పుడే కావాలి. ఓడ ఇవాళే వెళ్ళిపోతుంది."

ఆవిడ బిత్తరపోయింది. "మరి ముందే చెప్పొచ్చు కదా!" అంది. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక. అప్పుడు బయటపడింది, అక్కగారు నిద్రపోనేలేదు. చెల్లెలు వస్తోందని మేనకోడలు ముందే రాయడంతో, తెల్లవారుజామునే లేచి మంచి బట్టలు కట్టుకుని కూర్చుందట. భోజనమయ్యాక ఈ సిస్టర్, "ముందుగదిలో కూర్చోబెట్టనా?" అని అడిగితే, "వద్దులే, నీకెందుకు శ్రమ" అందట. సరేనని ఈవిడ తీసుకెళ్ళి పడుకోబెట్టింది. పాపం, ఇద్దరు అక్కాచెల్లెళ్ళూ చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే.

అక్కగారిని కుర్చీలో తీసుకొచ్చారు. రెండు కుర్చీలు ఎదురెదురుగా పెట్టాం. మోకాళ్ళు తగులుతున్నాయి. ఇద్దరివీ ఒకే ముక్కు, ఒకే గడ్డం.

"లావెక్కావు," అంది అక్క.

"కాళ్ళలో నీరు," అంది చెల్లెలు.

నేను కిటికీ వైపు తిరిగాను. వెళ్ళిపోవాలి నిజానికి, కానీ మందు ఇవ్వాల్సి ఉంది. అందుకని విన్నాను.

"అమ్మ పోయినప్పుడు రమ్మంటావా అని రాశాను," అంది అక్క. "రానక్కర్లేదు, మేం గ్రాండ్‌గా ఉన్నాం అని రాశావు."

"రాస్తాను. రాస్తే నువ్వు ఆగిపోవడమేంటి? వినకుండా వస్తావనుకున్నాను. స్టేషన్‌కి మనిషిని పంపించాను. రెండు రోజులు పంపించాను."

అక్కగారు కళ్ళు మూసుకుంది. "నేను రెండో ఉత్తరం కోసం చూశాను," అంది. "మళ్ళీ ఒక్కసారి రాస్తావని. రోజూ పోస్టు దగ్గర నిలబడేదాన్ని."

ముప్పై ఏళ్ళు! ఒకరు రెండోసారి అడగలేదని, ఇంకొకరు మొదటి మాట నమ్మేశారని. నేను గోడ వైపు తిరిగి కొంగు లేదు కనక స్కార్ఫుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఈలోగా లారీ ఆయన, "టీచర్ నీలం కోటు ఓడలో ఉండిపోయింది, తెస్తాను" అని వెళ్ళాడు. ఆవిడ ఒంటి మీద ఉన్నదే నీలం కోటని ఆ హడావుడిలో నాకు తట్టలేదు. మూడుంబావుకి తిరిగొచ్చాడు. నడవలో ఆయన పక్కన మూడు సూట్‌కేసులు, నా మందుల పెట్టె.

"ఏం చేశావయ్యా?"

"ఆవిడ ఇవాళ రారని ఓడలో చెప్పేశాను."

"నన్ను అడక్కుండానా? నేను కదా ఇక్కడ నర్సుని?"

"అడిగితే నువ్వొకసారి వద్దంటావు. నేను మూడుసార్లు అడగాలి. అంత టైం లేదు," అన్నాడు. "వద్దనుకుంటే ఇప్పుడే టాక్సీ ఎక్కిస్తాను. వీధి చివర ఆపే ఉంచాను. నిర్ణయం నీది."

ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నాకు తెలుసు, ఆయన చేసింది నేను చెయ్యాల్సిన పని. కానీ ఇది నేనో ఆయనో తేల్చేది కాదు. లోపలికి వెళ్ళి టీచరమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. సూట్‌కేసుల సంగతి చెప్పలేదు.

"టీచర్, ఒక్కసారే అడుగుతాను. మళ్ళీ అడగను. మీరేమంటే అదే చేస్తాను. ఓడకి వెళదామా, ఉందామా?"

ఆవిడ నన్ను చూసింది. అక్కని చూసింది. "మీ అందరికీ..." అని మొదలెట్టి ఆగింది. బతిమాలాలని, మళ్ళీ అడగాలని నాలుక చివర దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టాను.

"ఉండాలని ఉంది," అంది టీచరమ్మ. "నాకు ఇక్కడ ఉండాలని ఉంది."

అక్కగారు చెల్లెలి చేయి లాక్కుని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. లారీ ఆయన టాక్సీ పంపించేయడానికి వెళ్ళాడు.

మా ఆయనకి ఫోన్ చేశాను. "ఏవండీ, ఓడ వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోవడమేంటి? నువ్వెక్కడున్నావ్?"

"మఠంలో."

"మఠంలోనా? ఒక్కరోజులో నిన్ను సన్యాసినిని చేసేశారా ఏంటి?"

ఆ నవ్వు నాకు ఆ సాయంత్రం చాలా అవసరమైంది. తర్వాత మేట్రన్‌కి ఫోన్ చేశాను. అక్కడ నవ్వులేం లేవు.

మూడు రోజులున్నాం. అతిథుల గదులిచ్చారు. మొదటి రోజు భోజనాల దగ్గర ఆ చిన్న సిస్టర్ వైన్ సీసా తెచ్చింది. మేం ముగ్గురం వద్దన్నాం. వెంటనే తీసుకెళ్ళిపోయింది, రెండో మాట లేదు. అక్కగారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. పగలంతా అక్కాచెల్లెళ్ళు తోటలో పక్కపక్కన. కొన్నిసార్లు పోట్లాట కూడా వినపడేది. చిన్నప్పుడు ఎవరి సైకిలు ఎవరు పాడుచేశారని. అంత సంబరంగా పోట్లాడుకునేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. తిరుగుదారి రైలు, మామూలు ఓడ. టీచరమ్మని వెళ్ళినదాన్ని వెళ్ళినట్టే తెచ్చి మేట్రన్‌కి అప్పజెప్పాను.

రిపోర్టు రాశాను. మందలింపు కాగితం ఇచ్చారు, సంతకం పెట్టాను. మేట్రన్ చేసింది న్యాయమే. నాకు అప్పజెప్పిన మనిషిని చెప్పిన దారిలో తీసుకురాలేదు. మీరు అలాంటి పని చెయ్యమని నేను చెప్పడం లేదు పిల్లలూ. కుర్చీ వెనక్కి తిప్పి ట్రామ్ స్టాపు దాకా తోశాను చూడండి, నా సర్వీసులో తప్పంటే అది. దాన్ని ఏ రిపోర్టులోనూ రాయలేదు. పేషెంటు మాట మనకి సుఖంగా ఉన్నప్పుడు ఇంకాస్త జాగ్రత్తగా వినాలని ఆ స్టాపులో తెలిసింది.

తర్వాతి ఏడు ఈస్టర్‌కి ముందు ఒకరోజు పొద్దున్నే మఠం నుంచి ఫోనొచ్చింది. ఆ చిన్న సిస్టరే. మాట తిప్పలేదు, నాన్చలేదు. "సిస్టర్ పోయారు," అని ఏడ్చింది. టీచరమ్మకి మేట్రన్ చెప్పింది.

ఆ పూటంతా గది ముందు వచ్చేపోయేవాళ్ళే. ఫాదర్ వచ్చి ఎలా ఉన్నావమ్మా అన్నారు. వంటావిడ వచ్చింది. మేనకోడలు ఫోన్ చేసింది. అందరికీ ఒకటే జవాబు, "నేను గ్రాండ్, థాంక్యూ." నిటారుగా కూర్చుని, జుట్టు దువ్వుకుని, అందరికీ అదే.

నేను మందుల ట్రాలీ తోసుకుంటూ వచ్చాను. ట్రాలీ వదిలి ఎక్కడికీ వెళ్ళకూడదు, అది రూలు. గుమ్మం దగ్గర ఆపి, మాత్రల గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళాను.

"టీచర్, ఎలా ఉన్నారు?"

ఆవిడ గిన్నెలోకి చూసింది. మాత్రలు లెక్కపెడుతుందనుకున్నాను.

"బాలేదు," అంది. "అస్సలు బాలేదమ్మా."

గిన్నె బల్ల మీద పెట్టి మంచం అంచున కూర్చున్నాను. ఆవిడ నా చేయి పట్టుకుని గొంతు విడిచి ఏడ్చింది. ఎంతసేపో తెలీదు. ఆ పూట మందులన్నీ ఆలస్యమయ్యాయి. తర్వాత విన్నాను, ట్రాలీ దగ్గర లారీ ఆయన కాపలా నిలబడ్డాడట. నర్సు ఏదని అడిగినవాళ్ళందరికీ, మేట్రన్‌తో సహా, "లోపల పనిలో ఉంది" అని చెప్పాడట.